లండన్ థేమ్స్ పడవ: చివరి స్టాప్ దాకా పోండి

మన తిరుపతి నుంచి కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో లండన్ పోయొచ్చే పెద్దవాళ్ళు ఇప్పుడు వీధికి ఇద్దరు ముగ్గురున్నారు. మా బైరాగిపట్టెడలోనూ ఉన్నారు. వచ్చాక అందరూ చూపించే ఫొటోలు అవే: పెద్ద గడియారం, టవర్ బ్రిడ్జి, జెయింట్ వీల్. ఇకమీదట వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఒకటుంది. ఊబర్ బోట్ థేమ్స్ క్లిప్పర్స్ అని నది మీద తిరిగే పడవ సర్వీసు ఉంది. దాన్నెక్కి తూర్పు వైపు ఆఖరి స్టాప్, బార్కింగ్ రివర్‌సైడ్ దాకా పోండి. నేనిచ్చే మార్కులు అయిదుకు నాలుగు.

ఇది టూరిస్టు పడవ కాదు, ఆఫీసులకు పొయ్యేవాళ్ళది. బస్సుకు మాదిరే కార్డు ఆనించి ఎక్కడమే. లోపల మెత్తటి సీట్లు, కాఫీ కౌంటరు, బాత్రూము అన్నీ ఉన్నాయి. అయినా మీరు లోపల కూర్చోవద్దు. వెనకాల బయట కొన్ని సీట్లుంటాయి, మంకీ క్యాపు, శాలువా వేసుకొని అక్కడే కూర్చోండి. ఛార్జీ బస్సు కంటే, ట్యూబు రైలు కంటే ఎక్కువే. అన్ని పడవలూ చివరిదాకా పోవు, ముందే టైములు చూసుకోవాలి.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఒకటి గమనించండి. మన నదుల్లో నీళ్ళు వానొస్తే వస్తాయి, లేకపోతే లేదు. థేమ్స్‌లో అట్లా కాదు. సముద్రపు పోటు ఊరంతా దాటి పైన టెడింగ్టన్ అనే చోటి దాకా ఎక్కుతుంది. రోజుకు రెండు సార్లు నది నిండుతుంది, రెండు సార్లు తగ్గుతుంది. లండన్ బ్రిడ్జి దగ్గర ఆటుకూ (నీళ్ళు తగ్గినప్పుడు) పోటుకూ (నిండినప్పుడు) మధ్య నీటిమట్టం తేడా ఏడు మీటర్ల దాకా ఉంటుంది. పడవ ఆగే తెప్ప కూడా నీళ్ళతోపాటే దిగుతుంది కాబట్టి ఆటు సమయంలో దాని మీదికి దిగే దారి బాగా ఏటవాలుగా ఉంటుంది. కడ్డీ పట్టుకొని నిదానంగా దిగండి. ఆ కష్టం పడాల్సిందే, ఎందుకంటే చూడాల్సింది కనబడేది ఆటులోనే.

గ్రీనిచ్ దాటాక ఊరి హడావిడి తగ్గుతుంది. వరద గేట్ల మధ్యనుంచి, అదే థేమ్స్ బారియర్ మధ్యనుంచి, పడవ పోతుంది. వూలిచ్ దాటితే నది వెడల్పవుతుంది, రెండు పక్కలా బురద తేలుతుంది. "అత్తా, ఎడమ పక్క చూడండి" అన్నాడు మా అల్లుడు. బురద మీద పాత లారీ టైరు పడి ఉందనుకున్నాను. అది తల తిప్పింది. సీల్! ఒళ్ళంతా బూడిదరంగు మచ్చలు, పొట్టి మూతి, ముక్కు రంధ్రాలు కింద కలిసేటట్టు ఏటవాలుగా ఉన్నాయి. అంటే హార్బర్ సీల్. గ్రే సీల్‌కైతే మూతి పొడుగ్గా ఉంటుంది. తడి ఆరిన చోట వెంట్రుకలు లేత రంగుకు తిరిగాయి, తడిగా ఉన్న పొట్ట పక్క ఇంకా నల్లగా మెరుస్తోంది. పడవ అల ఒడ్డుకు తగలగానే తోక పైకెత్తింది గానీ కదల్లేదు. దానికి కొంచెం అవతల షెల్‌డక్ బాతులు: తెల్లటి ఒళ్ళు, ఎర్రటి ముక్కు, రొమ్ముకు అడ్డంగా ఇటుకరంగు పట్టీ. ముక్కును బురదలో అటూ ఇటూ ఆడిస్తూ మేస్తున్నాయి. నీటికాకులు, నారాయణ పక్షులు దారి పొడుగునా ఉన్నాయి.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎందుకో చెప్పాలి. రిటైరయ్యేదాకా నా పని నీళ్ళ పరీక్షే. మూడు వందల మిల్లీలీటర్ల సీసాలో నది నీళ్ళు గాలి బుడగ లేకుండా నింపి, మాంగనీస్ సల్ఫేటు, తర్వాత ఆల్కలీ అయొడైడు పోస్తాం. నీళ్ళలో ఆక్సిజన్ ఉంటే అడుక్కు గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే మడ్డి తెల్లగానే ఉండిపోతుంది. ఎండాకాలం స్వర్ణముఖిలో మురుగు కలిసే చోట పట్టుకొచ్చిన సీసాలు తెల్లగా వరుసగా నిలబడేవి. చేప బతకదని అర్థం.

థేమ్స్ కూడా ఒకప్పుడు అదే. 1858 వేసవిలో నదిలో కలిసిన మురుగు కంపుకు పార్లమెంటు పరదాలను సున్నపు క్లోరైడులో, అదే బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో, తడిపి వేలాడదీశారు. తర్వాత జోసెఫ్ బజాల్‌గెట్ అనే ఇంజనీరు పెద్ద మురుగు కాలువలు కట్టి ఊరి కంపును తప్పించాడు. కానీ శుద్ధి లేదు, ఊరికి తూర్పున బెక్టన్ దగ్గరా క్రాస్‌నెస్ దగ్గరా అదంతా నదిలోనే పడేది. 1957లో నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ళు, లండన్‌లో ఈ నది జీవం లేనిదని తేల్చారు. క్రాస్‌నెస్‌లో కొత్త శుద్ధి కేంద్రం 1964లో మొదలైంది, 1970లలో బెక్టన్‌లోని కేంద్రాన్ని పెంచారు. 1974లో వెస్ట్ థురాక్ పవర్ స్టేషన్ జల్లెడలకు ఒక సాల్మన్ చేప తగులుకుంది. వందేళ్ళకు పైగా అక్కడ సాల్మన్‌ను చూసినవాళ్ళు లేరు. చేపలు వచ్చాక వాటి వెనకే సీల్స్. 2018లో లండన్ జువలాజికల్ సొసైటీ లెక్కపెడితే నది ముఖద్వారం వైపు 138 హార్బర్ సీల్ పిల్లలున్నాయి. పని అయిపోలేదు, పెద్ద వాన పడితే పాత కాలువలు పొంగి మురుగు నదిలోకి వస్తూనే ఉండేది. అట్లాంటప్పుడు నీళ్ళలోకి ఆక్సిజన్ ఎక్కించడానికే ప్రత్యేకంగా పడవలు పెట్టారు. ఇప్పుడు ఆ మురుగును పట్టుకోవడానికి నది కింద 25 కిలోమీటర్ల సొరంగం తవ్వారు, 2025లో దానికి కాలువలన్నీ కలిపేశారు.

నేను సీల్‌ను చూసింది ఆ బెక్టన్ పరిసరాల్లోనే. అంతటి చోటు పక్కనుంచి పోతూ పడవలో దాని గురించి ఒక్క మాట వినబడలేదు, ఒక్క బోర్డు కనబడలేదు. స్టాపు పేరు చెప్పి ఊరుకున్నారు. నేను కోసిన ఒక మార్కు దానికి. ఇంకో టూరిస్టు పడవ కూడా ఎక్కాను, దాని పేరు వద్దు. అందులో మైకు పట్టుకున్నాయన రాజుల గురించి, బిల్డింగుల ధరల గురించి గడగడా చెప్పాడు గానీ కింద ఉన్న నీళ్ళ ఊసే ఎత్తలేదు.

తొండవాడలో, గుడిమల్లంలో, శ్రీకాళహస్తిలో మన గుళ్ళన్నీ స్వర్ణముఖి ఒడ్డునే ఉన్నాయి. 2021 నవంబరు వరదలో ఆ నది ఎట్లా పారిందో మనమంతా చూశాం. బెక్టన్‌లో చేసే పని, మన తూకివాకంలో చేసే పని ఒకటే: మురుగును నదికి వదిలేముందు శుభ్రం చెయ్యడం. మన దగ్గర అది ప్రతి చుక్కకూ జరగాలి. ఏ మే నెలలోనైనా ఆ సీసాలో గోధుమరంగు చూడాలని నాకు చాలా కోరిక.

వెళ్ళేవాళ్ళు పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ ఆటుపోట్ల పట్టిక ముందే చూసుకొని, ఆటు సమయానికి వూలిచ్ దాటేటట్టు బయలుదేరండి. బైనాక్యులర్ ఉంటే పట్టుకెళ్ళండి. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది, పొద్దున పూటే నయం. తిరుగు ప్రయాణంలో చలికి ఓర్చుకోలేకపోతే నార్త్ గ్రీనిచ్‌లో దిగండి, కాస్త నడిస్తే ట్యూబు స్టేషన్ ఉంటుంది.