జూమ్ హెచ్6లోకి సింత్, డ్రమ్ మెషీన్: డబ్బా సరే, ముందు కేబుల్ సంగతి చూడండి

బెంగళూరు మారతహళ్లిలో మేముండే సందులో పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఏదో ఒక ఇంట్లో కుక్కర్ కూస్తూనే ఉంటుంది, అందుకని మైకు పెట్టి రికార్డు చేసే ఆశ ఎప్పుడో వదిలేశాను. నా దగ్గరున్నవి కోర్గ్ వోల్కా బీట్స్ అనే చిన్న డ్రమ్ మెషీన్, ఆర్టూరియా మైక్రోఫ్రీక్ అనే సింత్. ఆదివారాలు ఒక ఫ్రెండు రోలాండ్ టీఆర్-8ఎస్ డ్రమ్ మెషీన్ భుజాన వేసుకుని వస్తాడు. ల్యాప్‌టాప్ తెరిస్తే ముందు ఆఫీసు మెయిల్ కనబడుతుంది, ఇంక బీట్ ఏం వస్తుంది? అందుకే ఎనిమిది నెలల కింద సెకండ్ హ్యాండ్‌లో జూమ్ హెచ్6 అనే చేతిలో పట్టే రికార్డర్ కొన్నాను. 2013 నాటి మోడల్. 2024లో వచ్చిన హెచ్6ఎసెన్షియల్ 32-బిట్ ఫ్లోట్‌లో రికార్డు చేస్తుంది, గెయిన్ (లోపలికొచ్చే శబ్దాన్ని పెంచే నాబ్) తిప్పే పనే లేదు. అది మంచిదే కానీ నా పనికి పాతది చాలింది. సింత్‌ల కోసం కొనాలనుకునేవాళ్లకి ఈ రివ్యూ.

మొదటి రోజే నీరుగారిపోయాను. వోల్కాలో కేబుల్ గుచ్చి శబ్దం తీసుకోగలిగేది ఒక్క 3.5 ఎంఎం హెడ్‌ఫోన్ జాక్‌లోంచే. హెచ్6 పక్కల ఉన్న నాలుగు సాకెట్లు ఎక్స్ఎల్ఆర్ (మైకుల మూడు పిన్నుల ప్లగ్), పెద్ద జాక్ రెండూ పట్టే రకం. ఎస్పీ రోడ్డులో ఒక షాపుకి వెళ్లి చిన్న జాక్ నుంచి పెద్ద జాక్‌కి కేబుల్ అడిగితే, రెండు చివర్లా రెండేసి నల్ల గీతలున్న స్టీరియో కేబుల్ చేతిలో పెట్టి "అన్నిటికీ ఇదే సార్, కండ్లు మూసుకోని తీస్కపోండి" అన్నాడు. కళ్లు మూసుకునే తెచ్చాను. ఇంట్లో గుచ్చితే కిక్ లేదు, స్నేర్ లేదు, బావి అడుగున ఎవరో డబ్బా కొడుతున్నట్టు ఏదో లీలగా వినిపించింది. గెయిన్ మొత్తం తిప్పినా అంతే. డబ్బాయే పోయిందనుకుని, అమ్మినవాడికి రాత్రి పదకొండింటికి ఫోన్ కూడా చేశాను, పాపం.

తప్పు డబ్బాది కాదు. ఆ సాకెట్ బ్యాలెన్స్‌డ్. జాక్ కొన మీద వచ్చే సిగ్నల్‌లోంచి రింగ్ మీద, అంటే ఆ రెండు నల్ల గీతల మధ్య భాగం మీద, వచ్చేదాన్ని తీసేసి, మిగిలిన తేడానే లోపలికి తీసుకుంటుంది. పొడుగు మైకు తీగ దారిలో పట్టుకునే గోల రెండు తీగల్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి అలా తీసేస్తే పోతుంది, ఏర్పాటు దానికోసం. వోల్కా ఏమో మోనో, ఎడమకీ కుడికీ ఒకే శబ్దం పంపుతుంది. ఐదులోంచి ఐదు తీసేస్తే ఏం మిగులుతుంది? గోలతో పాటు నా కిక్ కూడా పోయింది. కావలసింది ఒక చివర చిన్న స్టీరియో జాక్, రెండో చివర విడివిడిగా రెండు పెద్ద మోనో జాక్‌లు ఉండే వై కేబుల్. దానికన్నా సులువైన దారి నాకు రెండు వారాల తర్వాత కనబడింది, అదీ పెట్టెతో వచ్చే, హెచ్6 పైన గుచ్చే ఎక్స్-వై మైకు మీదే. దానికే ఒక 3.5 ఎంఎం లైన్ ఇన్ ఉంది! మామూలు ఆక్స్ కేబుల్ చాలు, వోల్కా నేరుగా ఎడమ-కుడి ట్రాకుల్లోకి వెళ్లిపోతుంది, పక్కన నాలుగు సాకెట్లూ ఖాళీ. మెనూలో ప్లగిన్ పవర్ మాత్రం ఆఫ్ చేసుకోండి, అది చిన్న మైకులకి కరెంటు పంపడానికి పెట్టింది, డ్రమ్ మెషీన్‌కి దాంతో పనిలేదు.

నాకు ఇందులో బాగా నచ్చింది ఏ ట్రాకుకి ఆ ట్రాకు విడి ఫైలుగా రావడం. మైక్రోఫ్రీక్ ఒకటో సాకెట్‌లో, టీఆర్-8ఎస్ వెనక ఉన్న విడి అవుట్‌లలోంచి కిక్ మూడులో, స్నేర్ నాలుగులో. తర్వాత కిక్ ఎక్కువైందనిపిస్తే దాన్నొక్కదాన్నే తగ్గించుకోవచ్చు. కాకపోతే టీఆర్ సిగ్నల్ బలమైనది, మైకు లెవెల్‌కి సిద్ధంగా ఉన్న సాకెట్‌లోకి అది వచ్చి పడితే గెయిన్ సున్నా దగ్గరున్నా పగులుతుంది. ప్రతి సాకెట్‌కీ ఉన్న ప్యాడ్ స్విచ్ వేస్తే 20 డీబీ తగ్గుతుంది, అప్పుడు గెయిన్ కాస్త పైకి తిప్పి, మీటర్ గట్టి దెబ్బలకి మైనస్ 12 దగ్గర ఆడేలా పెట్టుకుంటాను. 24-బిట్‌లో అంత ఖాళీ వదిలినా నష్టమేం లేదు. లో కట్ (లోతైన శబ్దాలని కోసేసేది) ఆన్‌లో ఉందేమో కూడా చూడండి, పాత ఓనరు ఇంటర్వ్యూలకి వాడి అలాగే వదిలేశాడు, వారం రోజులు నా కిక్‌లో పొట్టే లేదు.

ఇక కరెంటు తీగల వల్ల వచ్చే గోల. మైక్రోఫ్రీక్‌కీ హెచ్6కీ రెండిటికీ ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచే కరెంటు ఇచ్చాను, తెలివి ఎక్కువై. ఆడియో తీగ ఒకవైపు, యూఎస్‌బీ తీగలు ఇంకోవైపు, గ్రౌండ్ గుండ్రంగా తిరిగి సన్నగా కీచుమనే శబ్దం, మౌస్ కదిపితే అదీ కదులుతుంది. హెచ్6ని నాలుగు ఏఏ బ్యాటరీల మీద పెట్టగానే మాయం. ఆ మధ్య వానకి రెండు గంటలు కరెంటు పోయినప్పుడు వోల్కా ఆరు బ్యాటరీల మీద, మైక్రోఫ్రీక్ పవర్ బ్యాంకు మీద, హెచ్6 దాని బ్యాటరీల మీద, అంతా కలిపి ఎంత నిశ్శబ్దంగా వచ్చిందంటే హెడ్‌ఫోన్ ప్లగ్ ఊడిందేమోనని చూసుకున్నాను. చార్జ్ చేసుకునే బ్యాటరీలు వాడితే మెనూలో ఆ రకం ఎంచుకోండి, లేదంటే మిగిలిన చార్జ్ తప్పుగా చూపిస్తుంది.

టెంపో సింక్, అంటే మెషీన్లన్నీ ఒకే వేగంతో కలిసి నడవడం, దీనికి రాదు, మెషీన్లని అలా కలిపే మిడీ సాకెట్ లేదు. మీ మెషీన్లని వాటిలో వాటినే సింక్ చేసుకోండి, మొదట్లో నాలుగు దెబ్బలు ఉత్త హైహ్యాట్ రికార్డు చేస్తే తర్వాత ఎడిటింగ్‌లో పట్టుకోవడం తేలిక. వోల్కా సింక్ జాక్, హెడ్‌ఫోన్ జాక్ ఒకే సైజు కాబట్టి చీకట్లో మారిపోకుండా చూసుకోండి, నేను ఒకసారి పదిహేను నిమిషాల టిక్ టిక్ రికార్డు చేశాను. కార్డు గురించి దిగులు వద్దు, 24-బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక మోనో ట్రాకు గంటకి అర జీబీ కన్నా కొంచెం ఎక్కువ, ఆరు ట్రాకులూ నింపినా గంటకి మూడు జీబీ పైచిలుకు.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే ఒక జాక్, హెడ్‌ఫోన్ వెంట తీసుకెళ్లండి. నాలుగు సాకెట్లలోనూ గుచ్చి కొంచెం ఊపి వినండి, గెయిన్ నాబ్‌లు తిప్పుతుంటే గరగరమంటున్నాయేమో చూడండి. ఎక్స్-వై మైకు లేకుండా ఉత్త బాడీ అమ్మేవాళ్లు ఉంటారు, తక్కువకి వస్తుందని ఎగబడకండి, వోల్కా గుచ్చే జాక్ ఆ మైకు మీదే ఉంది.