సెమిలిగూడ దారిలో చలిని తట్టుకునే పామ్ మొక్కల నర్సరీ: నా అనుభవం

ఒడిశా కోరాపుట్ జిల్లాలోని సెమిలిగూడ నుంచి పొట్టంగి వైపు వెళ్తుంటే, ఊరు దాటాక జాతీయ రహదారి పక్కనే ఒక నర్సరీ కనిపిస్తుంది. బోర్డు ఒడియాలో ఉంటుంది, లోపల మాట తెలుగే. ఆ కుటుంబం సాలూరు నుంచి ఘాటీ ఎక్కి వచ్చి ఇక్కడే స్థిరపడింది. గులాబీలు, క్రోటన్లు, కాఫీ తోటలవాళ్ళకు కావలసిన సిల్వర్ ఓక్ నారు వీళ్ళ ప్రధాన వ్యాపారం. నేను మెచ్చుకుంటున్నది మాత్రం వెనక నీడ వల కింద ఒక మూలన ఉండే పామ్ (తాటి, కొబ్బరి కుటుంబం) మొక్కలను, వాటిని వాళ్ళు అమ్మే తీరును.

ఈ పీఠభూమి మీద ఇల్లు కట్టుకున్న మనవాళ్ళకు వాకిట్లో కొబ్బరి చెట్టు ఉండాలని మనసు పీకుతూ ఉంటుంది. కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. పుష్యమాసంలో తెల్లవారుజామున సెమిలిగూడలో ఐదారు డిగ్రీల చలి మామూలే. ఆ చలిలో కొబ్బరి బతికినా కళ ఉండదు. మట్టలు పసుపెక్కుతాయి, పిందె నిలవదు. కొండల్లో జీలుగ దర్జాగా పెరుగుతుంది కానీ, గెలలు వేయడం ముగిశాక చెట్టే ఎండిపోతుంది. ఇంటి ముందు దాన్ని పెట్టుకోమని ఎవరికీ చెప్పలేను.

మన నేలకు సరిపోయేది విండ్‌మిల్ పామ్. శాస్త్రీయ నామం ట్రాకికార్పస్ ఫార్చ్యునై. 1849లో చైనా నుంచి ఈ మొక్కలను ఇంగ్లాండుకు పంపిన మొక్కల సేకర్త రాబర్ట్ ఫార్చ్యూన్ పేరే దానికి పెట్టారు. ముదిరిన చెట్టు సున్నాకు దిగువన పది, పదిహేను డిగ్రీల చలిని కూడా ఓర్చుకుంటుంది. అందుకే యూరప్‌లో మంచు పడే ఊళ్ళ తోటల్లోనూ కనిపిస్తుంది. దీనికి దగ్గరి చుట్టం ట్రాకికార్పస్ టాకిల్ మన దేశంలోనే, ఉత్తరాఖండ్‌లోని కుమావూ కొండల్లో పుట్టింది. అలాంటి జాతికి మన కోరాపుట్ చలి ఒక లెక్క కాదు.

చలికి భయం లేనప్పుడు ఎప్పుడు నాటినా ఒకటే అనుకుంటారు చాలామంది. నర్సరీ చూసుకునే ఆవిడ అలా అనుకోలేదు. సంక్రాంతి ముందు నేను డబ్బు చేతిలో పట్టుకుని వెళ్తే మొక్క ఇవ్వలేదు. "మాస్టారూ, ఇప్పుడు వద్దండీ. నేల చల్లగా ఉంటే వేరు కదలదు. హోలీ వెళ్ళాక రండి, మీ పేరు రాసి పక్కన పెడతాను" అన్నారు. అన్నట్టే పక్కన పెట్టారు. కొనడానికి వచ్చినవాణ్ణి మొక్క మేలు కోరి వెనక్కి పంపే వ్యాపారిని నేను ఎంతో గౌరవిస్తాను.

ఆవిడ చెప్పినదాంట్లో నిజం ఉంది. పామ్ జాతికి తల్లివేరు ఉండదు. కాండం మొదట్లోంచి గుత్తిగా వేర్లు పుడతాయి, నేల వెచ్చబడితేనే అవి చురుగ్గా సాగుతాయి. ఫాల్గుణంలో నాటితే ఎండలు ముదిరేలోగా వేరు కాస్త కుదురుకుంటుంది, జూన్ వానలు వచ్చేసరికి మొక్క తన కాళ్ళ మీద నిలబడుతుంది. మళ్ళీ చలి వచ్చే నాటికి దానికి ఒక వేసవి, ఒక వర్షాకాలం దక్కుతాయి.

ఇక ఇచ్చేది అసలైన విండ్‌మిల్ పామేనా అన్న అనుమానం. మైదానం నుంచి లారీల్లో వచ్చే మొక్కల్లో లివిస్టోనా, వాషింగ్టోనియా అనే వేరే పామ్ మొక్కలకు ఇదే పేరు తగిలించి అమ్మడం మా బంధువుల ఇంట్లోనే చూశాను. ఇక్కడ ఆవిడ మూడూ పక్కపక్కన పెట్టి మట్ట అంచు మీద బొటనవేలు నడిపించమన్నారు. లేత లివిస్టోనా, వాషింగ్టోనియా మట్టలకు ముళ్ళు స్పష్టంగా గుచ్చుకున్నాయి. విండ్‌మిల్ పామ్ మట్ట అంచు సన్నటి ఆకురాయిలా గరగరలాడిందే తప్ప ఎక్కడా గుచ్చుకోలేదు. కాస్త ఎదిగిన మొక్కలో మట్టల మొదళ్ళ చుట్టూ గోధుమరంగు పీచు కూడా అల్లుకుని ఉంటుంది. ఆ రెండూ చూసుకుంటే మోసపోయే అవకాశం తక్కువ.

కొంత అదనంగా ఇస్తే మనిషిని పంపి నాటిస్తారు. ఆ డబ్బు దండగ కాదు. వచ్చిన కుర్రవాడు కవరును కత్తితో నిలువునా చీల్చి, మట్టిగడ్డ చెదరకుండా ఎత్తి దించాడు. గొయ్యి వెడల్పు మట్టిగడ్డకు రెండింతలు తీశాడు, లోతు మాత్రం గడ్డంతే. కవరులో మట్టి ఎంతవరకు ఉందో, బయట నేల కూడా అంతవరకే ఉండాలి. కాండం మొదలు పూడిపోతే మొక్క నెమ్మదిగా క్షీణిస్తుంది. పచ్చి పేడ వెయ్యనివ్వలేదు. తవ్విన ఎర్రమట్టినే తిరిగి నింపి, పైన చివికిన ఎరువు పలచగా పరిచాడు.

లోపం చెప్పాలంటే కవరులో నింపే మిశ్రమమే. దాదాపు అంతా కొబ్బరి పొట్టు. అది ఒకసారి పూర్తిగా ఎండిందంటే, పోసిన నీళ్ళు లోపలికి అంత తొందరగా దిగవు. పక్కల నుంచి జారిపోతాయి, గడ్డ మధ్య పొడిగానే ఉంటుంది. ఏప్రిల్ ఎండలో ఇది మొక్క ప్రాణానికే ముప్పు. కాబట్టి నాటే ముందు కవరుతో సహా బకెట్టు నీళ్ళలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచండి. ఈ మాట ఆవిడతోనూ చెప్పాను. వచ్చే విడతకు ఎర్రమట్టి, ఇసుక పాలు పెంచుతామన్నారు. ధర కూడా మైదానం కంటే ఎక్కువే. అయితే చలి రాత్రులను ఇక్కడే గడిపిన మొక్క కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

పెద్ద మొక్క మీద మోజు పడకండి. మోకాలెత్తు మొక్క తొందరగా వేరూనుకుంటుంది, నేలలోంచి పెళ్ళగించి తెచ్చిన పెద్దది ఏడాదంతా అలిగి కూర్చుంటుంది. పార్వతీపురం, రాయగడ వంటి వేడి ఊళ్ళవాళ్ళు దీన్ని కొనవద్దు. అక్కడి మే నెల ఎండ దీనికి పడదు. మీకు లివిస్టోనా, ఈత చాలు.

ఆకులు నీటుగా కనపడాలని పాతవి కోసేసే అలవాటు మనవాళ్ళకు బాగా ఉంది. దయచేసి కోయవద్దు. పొటాష్ తక్కువైనప్పుడు మొక్క పాత ఆకుల నుంచే దాన్ని కొత్త ఆకులకు తరలిస్తుంది. పూర్తిగా ఎండినవి తీస్తే చాలు. వానాకాలంలో మొవ్వును, అంటే నడిమధ్య లేత ఆకు పుట్టే చోటును, కనిపెట్టి ఉండండి. ఈ చెట్టుకు పెరిగే మొన అదొక్కటే, అది కుళ్ళితే చెట్టు పోయినట్టే. మెల్లగా లాగితే లేత ఆకు ఊడి వస్తున్నా, మొదట్లో దుర్వాసన వస్తున్నా ఆలస్యం చెయ్యకుండా నర్సరీకి ఫోను చెయ్యండి. వాళ్ళు కుళ్ళు తీసేసి ఒక శాతం బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన తెగులు మందు) పోస్తారు, వాళ్ళ దగ్గర కొన్న మొక్కలకైతే డబ్బు తీసుకోరు.