ఒంటరిగా ఒక రోజు కొండనడక: ఉగ్రస్తంభమా, నిత్యపూజకోనా?

ఒక్కరే పొద్దున బయల్దేరి సాయంత్రానికి దిగిరావాలంటే నా ఓటు అహోబిలానికే. ఎగువ అహోబిలం నుంచి భవనాశి వాగు వెంబడి జ్వాలా నరసింహస్వామి గుడి దాకా భక్తులు తోడుంటారు. అక్కడినుంచి కొండకొమ్మున ఉన్న రాతిస్తంభం, ఉగ్రస్తంభానికి దారి నిటారు. రాళ్లు కాలికింద జారతాయి, చెట్ల వేర్లు పట్టుకుని ఎక్కాలి. వానొస్తే మాత్రం ఆ ఆశ వదిలేయండి.

కడప జిల్లా సిద్ధవటం దగ్గర అడవిలో శివుడి గుడి ఉన్న నిత్యపూజకోన సంగతి వేరు. శివరాత్రికి జనమే జనం. మామూలు రోజుల్లో మన అడుగుల చప్పుడే మనకు తోడు. ఎర్రచందనం బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది, చెయ్యి పెట్టి చూడాల్సిందే! అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ కనబడింది ఈ లంకమల అడవుల పరిసరాల్లోనే. కానీ కాలు మడతపడితే పిలిచినా పలికేవాళ్లుండరు. అటవీశాఖ అనుమతి అడగండి, ఇంకొకరిని వెంటబెట్టుకునే వెళ్లండి.