కారు హీటర్ చల్లగాలి కొడితే ఏది మేలు: బైపాసా, కడిగించడమా, కొత్త కోరా?

తిరుపతిలో కారు హీటర్ పనిచేయడం లేదని చెబితే మెకానిక్ ముందు నవ్వుతాడు, ఆ తరువాతే బానెట్ ఎత్తుతాడు. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో హీటర్‌తో పనేమిటన్న ప్రశ్న సహజమే గాని, డిసెంబరులో తెల్లవారకముందే తిరుమల నుంచి దిగివచ్చేవారికి దాని అవసరం బాగా తెలుసు. తలనీలాలిచ్చి, స్నానం చేసి, తడి బట్టల మూటతో నలుగురు ఎక్కి కూర్చుంటే, రెండో మలుపు తిరిగేలోగా ముందు అద్దం లోపలివైపు మసకబారుతుంది.

నాకు ఎదురైనది సరిగ్గా ఇదే. 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డులో ఎక్కినంతసేపూ వెచ్చగా వచ్చిన గాలి, 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో దిగడం మొదలుపెట్టగానే చల్లబడింది. టెంపరేచర్ ముల్లు కూడా సగం నుంచి కిందికి జారింది. యాక్సిలరేటర్ మీద కాలు లేకుండా రెండో గేరులో దిగుతున్నప్పుడు ఇంజన్‌లో వేడి అంతగా పుట్టదు కనుక, థర్మోస్టాట్ మూసుకుని కూలెంట్‌ను, అంటే ఇంజన్‌లో తిరుగుతూ వేడిని మోసుకెళ్లే ద్రవాన్ని, రేడియేటర్ వైపు పోనీయకుండా ఆపాలి. చాలా కార్లలో అది 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకునే చిన్న వాల్వు. విప్పించి చూస్తే నా కారులో అది తెరుచుకుని బిగుసుకుపోవడం కాదు, అసలు లేనే లేదు. అంతకుముందు ఎవరో తీసేశారు. "మన ఎండలకు వాల్వు ఎందుకు సార్, తీసేస్తే ఇంజను సల్లగా ఉంటాది" అనే మాట మన జిల్లాలో తరచు వినిపిస్తుంది. చల్లగా నడిచే ఇంజన్ డీజిల్ ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది; కొన్ని ఇంజన్లలోనైతే వాల్వు లేకపోతే, రేడియేటర్‌కు వెళ్లకుండానే కూలెంట్ తిరిగే అడ్డదారి మూసుకోక, వేడి తగ్గడానికి బదులు పెరుగుతుంది కూడా. కాబట్టి ముల్లు కింద ఉండి గాలి చల్లగా వస్తే వేరే ఆలోచన లేకుండా ముందు థర్మోస్టాట్ వేయించుకోవాలి. ఖర్చులో అదే అన్నిటికంటే తక్కువ.

వాల్వు వేశాక ముల్లు సగంలో నిలిచింది గాని, గాలి మాత్రం గోరువెచ్చని స్థాయి దాటలేదు. ఇక్కడ చేతితో పరీక్షించడమే సరైన పద్ధతి. ఇంజన్ బాగా వేడెక్కాక, ఫ్యానుకు, బెల్టులకు దూరంగా, ఇంజన్ గదికీ క్యాబిన్‌కూ మధ్య గోడలోకి వెళ్లే రెండు రబ్బరు పైపులను జాగ్రత్తగా తాకి చూడాలి. రెండూ కాలుతుంటే నీటి వైపు లోపం లేదు. లోపల వేడి గాలినీ చల్లగాలినీ కలిపే తలుపు గాని, నాబ్ నుంచి వెళ్లే కేబుల్ గాని పట్టు తప్పి ఉంటుంది. రెండూ చల్లగా ఉంటే కూలెంట్ తగ్గిందో, గాలి బుడగ చిక్కుకుందో, పంపు బలహీనపడిందో చూడాలి. ఒకటి కాలుతూ రెండోది గోరువెచ్చగా ఉంటే హీటర్ కోర్, అంటే వేడి కూలెంట్‌తో క్యాబిన్ గాలిని వెచ్చబరిచే చిన్న రేడియేటర్, పూడుకుపోయిందన్న అనుమానమే బలపడుతుంది. దారిలో కంట్రోల్ వాల్వు ఉన్న కార్లలో మాత్రం ముందు అది తెరుచుకుంటున్నదో లేదో చూసుకోవాలి. నా కారులో అటువంటి వాల్వు లేదు, రెండో పైపు మాత్రం గోరువెచ్చగానే ఉంది. డ్యాష్‌బోర్డు వెనుక ఉండే ఆ చిన్న రేడియేటర్ సన్నని గొట్టాలకు మన బోరు నీళ్లే శత్రువు. బిందె అంచున పేరుకునే తెల్లటి పొరే అక్కడా పేరుకుంటుంది.

అప్పుడు మూడు దారులు మిగిలాయి. రెండు పైపులనూ కలిపేసి కోర్‌ను పక్కన పెట్టడం, అంటే బైపాస్, మొదటిది. అరగంట పని, దాదాపు ఖర్చు లేదు. అద్దం సంగతికి ఏసీ ఉంది కదా అంటారు. ఏసీ గాలి పొడిగా ఉంటుంది కనుక లోపలి మసకను తీస్తుంది, నిజమే. అయితే వానలో అదే చల్లగాలి అద్దాన్ని చల్లబరిస్తే బయటివైపు ఆవిరి పడుతుంది, వైపరు వేస్తూ కూర్చోవాలి. ఏసీ, హీటర్ కలిపి వేసినప్పుడే అద్దం త్వరగా తేటపడుతుంది. అంతకన్నా పెద్ద అభ్యంతరం ఎండాకాలానిది. నిండు బండితో కొండ ఎక్కుతూ ఇంజన్ వేడి మీరుతున్నప్పుడు ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తిగా పెడితే అది రెండో రేడియేటర్‌లా కొంత వేడిని లాగేస్తుంది. లోపల ఉన్నవాళ్లు చెమటలో తడుస్తారు గాని, బండి పక్కకు తీసే చోటు వచ్చేదాకా ఇంజన్‌కు ఊపిరి దొరుకుతుంది. ఘాట్ రోడ్డు ఉన్న ఊళ్లో బైపాస్‌ను నేను ఒప్పుకోకపోవడానికి ఇదే కారణం.

కోర్‌ను మార్చడం చివరి మాట. చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి కనుక వస్తువు ధరకంటే కూలీయే ఎక్కువవుతుంది, తిరిగి బిగించాక ఎక్కడో ఒక క్లిప్పు కిటకిటలాడకుండా ఉండటం అరుదు. కారులో తియ్యని వాసన వస్తున్నా, అద్దం మీద జిడ్డుపొర పడుతున్నా, కాళ్ల దగ్గర కార్పెట్ కూలెంట్‌తో తడిసినా కోర్ కారుతున్నట్టే, ఇక మార్చక తప్పదు. నా కారులో ఈ లక్షణాలేవీ లేవు.

అందుకే కడిగించాను. ఇంజన్ పూర్తిగా చల్లారాక రెండు పైపులూ విప్పి, నీళ్లు మామూలుగా బయటికి వచ్చే వైపు నుంచి లోపలికి, తోటకు పట్టే పైపు పాటి ఒత్తిడితోనే పంపించాలి. కంప్రెసర్ గాలి కొడితే పాత కోర్ పగిలే ప్రమాదముంది. మొదట తుప్పు రంగు నీళ్లు, తరువాత ఇసుకలాంటి తెల్లటి రవ్వ, ఇరవై నిమిషాలకు తేట నీళ్లు వచ్చాయి. చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కూలెంట్‌నూ డిస్టిల్డ్ వాటర్‌నూ సగం సగం కలిపి నింపాము. ముందు చక్రాలు ఎత్తులో ఉండేలా వాలు మీద నిలిపి, హీటర్ పూర్తిగా పెట్టి, రేడియేటర్ మూత తీసిన చల్లని ఇంజన్‌ను స్టార్ట్ చేసి, బుడగలు ఆగేదాకా నడిపించాలి. వేడి ఇంజన్ మూతను మాత్రం ఎప్పుడూ తీయకూడదు. కాసేపటికి రెండో పైపు కూడా చేయి నిలపలేనంత వేడెక్కింది.

అప్పటినుంచి డిక్కీలో బోరు నీళ్ల సీసా తీసేసి, కలిపిన కూలెంట్ డబ్బా పెట్టుకున్నాను. అది తియ్యగా ఉండే విషం కనుక, పిల్లలకు అందకుండా మూత బిగించి స్టెప్నీ పక్కనే ఉంచుతున్నాను.