పాతికేళ్లుగా ఆడుతున్న వీడియో గేమ్: కరెంటు కోతకి నిలబడ్డ ఆటలేవి?

మా ఇంట్లోకి ఈ పెట్టె వచ్చి పాతికేళ్లు దాటింది. మేనమామ కువైట్ నుంచి సెలవుకొస్తూ తెచ్చాడు. అసలుది కాదు లెండి. నింటెండో కంపెనీ 1983 జులైలో జపాన్‌లో విడుదల చేసిన, టీవీకి తగిలించి ఆడే ఫ్యామికామ్ అనే పెట్టెకి ఇది నకలు. ఆ సంగతి మాకు తెలిసేసరికి మీసాలొచ్చేశాయి. అప్పట్లో పెట్టె పేరు వీడియో గేమ్, అందులో దూర్చేది క్యాసెట్, చేతిలోది రిమోట్. ఇప్పటికీ మా ఇంట్లో అవే మాటలు, ఇక్కడా అవే రాస్తున్నాను.

మాది కోనసీమలో గోదారి పాయ పక్కన పల్లె. ఆటల మంచిచెడ్డలకి మా దగ్గరున్న కొలత ఒక్కటే, కరెంటు. మా క్యాసెట్‌లోని ఆటలు వేటికీ ఆపినచోట గుర్తుపెట్టుకునే వీలు లేదు. వేసవి కోతైతే టైము తెలిసేది. వానాకాలం గాలికి కొబ్బరిమట్ట తీగ మీద పడిందంటే మాత్రం ఎప్పుడొస్తుందో లైన్‌మేన్‌ని అడిగినా చెప్పలేడు. టీవీ "టుప్" మని ఆరిపోయేది, గంటన్నర కష్టం గోదాట్లో కలిసేది.

ఆ లెక్కన సూపర్ మారియోకి తక్కువ మార్కులు పడాలి. 1985 నాటి ఆట. ఎనిమిది లోకాలు, లోకానికి నాలుగు చొప్పున ముప్పై రెండు మెట్లు. వరసగా ఆడితే ఏ కోటలోనో ఉండగా కరెంటు పోవడం ఖాయం. దానికి విరుగుడు ఆటలోనే పెట్టారు. మొదటి లోకం రెండో మెట్టులో, నేల కింద, పైకప్పు ఇటుకల మీదెక్కి చివరిదాకా పరిగెడితే మూడు గొట్టాలుంటాయి. అక్కణ్నించి ఏకంగా నాలుగో లోకానికి పోవచ్చు. అక్కడి రెండో మెట్టులో ఒక ఇటుకలోంచి తీగ మొలుస్తుంది, అదెక్కితే ఎనిమిదో లోకం. ఈ దారి తెలిసినవాడికి మా వీధిలో ఉన్న మర్యాద క్లాసు ఫస్టుకి కూడా లేదు.

ఇన్వర్టర్ పెట్టించుకున్నాక, ఈ వయసులో, గొట్టాలు ముట్టుకోకుండా ముప్పై రెండూ ఆడాం. అప్పుడు తెలిసింది, దాటేసినందువల్ల పెద్దగా పోయిందేమీ లేదని. ఐదో లోకం మూడో మెట్టు, మొదటి లోకం మూడో మెట్టే. ఏడో దానిలో చేపలు ఎగిరే వంతెన రెండో దానిలోనే చూసేశాం. కాస్త కష్టం పెంచి మళ్లీ వడ్డించారు. తప్పు పట్టను. ఆట మొత్తం నలభై కిలోబైట్లు. మా బాబాయి పొద్దున్నే వాట్సాప్‌లో పంపే గులాబీపువ్వు బొమ్మ అంతకన్నా బరువు. మేఘానికి ఆకుపచ్చ పూస్తే అదే పొద. చిన్నప్పుడు ఎన్ని వేలసార్లు చూశామో, ఒక్కసారీ పట్టుకోలేకపోయాం. తీరిగ్గా ఆడితే నాకు ఇప్పటికీ ముచ్చటేసేది ఆ పరుగు. రిమోట్ మీది బీ బొత్తాం నొక్కి పరిగెత్తి, ఆగబోయేటప్పుడు మారియో కాస్త జారతాడు చూడండి, తడిసిన కాలవగట్టు మీద మనం జారినట్టే.

కాంట్రా, అంటే తుపాకులతో కాల్చుకుంటూ పోయే ఆట, ఒక్కడే ఆడితే అంత బావుండదు. ఇద్దరాడితే తమ్ముడితో దెబ్బలాట. మూడో స్టేజీ జలపాతం దగ్గర పైకెక్కుతుంటే తెరా పైకే పోతుంది. వెనకబడినవాడు అడుగున మిగిలి చస్తాడు. నేను పెద్దవాణ్ని కదా, ముందు నేనే ఎక్కేవాణ్ని. వాడు అమ్మకి చెప్పేవాడు. అమ్మ వచ్చి ప్లగ్ పీకేసేది, అదింకో రకం కరెంటు కోత.

కాంట్రా మొదలెట్టేముందు రిమోట్ మీద నొక్కే మంత్రం ఒకటుంది: పై పై, కింద కింద, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ. ఇద్దరికైతే ఆపైన సెలెక్ట్, తర్వాత స్టార్ట్. ముప్పై ప్రాణాలు. ఎక్కాలు మర్చిపోయిన మా తమ్ముడికి ఇది ఇంకా నోటికొచ్చు. దీన్ని మొదట పెట్టింది కాంట్రాలో కాదు, 1986లో గ్రాడియస్ అనే అంతరిక్ష యుద్ధం ఆటలో. ఈ రెండు ఆటల్నీ తయారుచేసిన కొనామీ కంపెనీలో పనిచేసే కజుహిసా హషిమోతో, ఆట మరీ కష్టంగా ఉండి తనే చివరిదాకా ఆడి పరీక్షించలేక పెట్టుకున్నాడట. తీసేయడం మర్చిపోయారు. ఆ మతిమరుపు మా బాల్యానికి పెద్ద ఉపకారం.

టీవీకేసి గన్ను పేల్చి ఎగిరే బాతుల్ని కొట్టే బాతులాట (డక్ హంట్) సంగతి వేరు. గన్ను నొక్కగానే తెర క్షణంలో అరవయ్యో వంతు నల్లబడుతుంది, తర్వాత బాతు ఉన్నచోట తెల్ల చదరం వెలుగుతుంది. గన్ను గొట్టంలోని కన్నుకి ఆ వెలుగు కనబడితే దెబ్బ తగిలినట్టు. బల్బుకేసి పేల్చి మోసం చేద్దామని చూశాం గానీ, ముందు చీకటి కనబడాలి కదా, కుదర్లేదు. కొత్త ఎల్ఈడీ టీవీకి తగిలిస్తే ఒక్క బాతూ పడదు, బొమ్మ రావడం ఆలస్యమౌతుంది కాబట్టి. ఈ ఒక్క ఆట కోసం అటక మీది పాత డొప్ప టీవీని అమ్మనివ్వలేదు. ఇంకో చిట్కా: ఒక్క బాతు వచ్చే ఆటలో రెండోవాడు రిమోట్‌తో బాతుని నడపొచ్చు. మా చెల్లి ఎన్నాళ్లో ఆ పని చేసింది, మాకు చెప్పకుండా.

కార్ల ఆట రోడ్ ఫైటర్, సర్కస్ ఆట సర్కస్ చార్లీ పది నిమిషాలకి సరే. క్యాసెట్ మీద తొమ్మిదులు వరసగా అచ్చేసి ఉన్నాయిగానీ, లెక్కపెడితే లోపల పాతిక ఆటలు. మిగతావన్నీ అవే పేర్లు మార్చుకుని తిరిగొస్తాయి.

ఇక ట్యాంకులాట. అసలు పేరు బ్యాటిల్ సిటీ, నామ్కో కంపెనీది, 1985. పాతికేళ్ల వాడకంలో మొదటి స్థానం నేను దీనికే ఇస్తాను. ఆ రోజుల్లో అమెరికాకి ఇది వెళ్లనే లేదు, నకళ్ల పుణ్యాన మనకి దక్కింది. అడుగున గద్ద, చుట్టూ ఇటుక గోడ. ఇరవై శత్రు ట్యాంకులొస్తాయి. ఇద్దరూ కలిసి గద్దని కాపాడాలి. మా తమ్ముడూ నేనూ ఒకే పక్షాన ఉన్నది ఈ ఆటలోనే. వాడి గుండు నాకు తగిలితే చావను, కాసేపు కదల్లేక అలా నిలబడిపోతాను. అది పొరపాటున జరిగిందంటే ఇప్పటికీ నమ్మను.

కరెంటుకి జవాబు కూడా దీని దగ్గరే ఉంది. మొదలెట్టేటప్పుడు స్టేజీ నంబరు తెర వస్తుంది కదా, అక్కడ ఏ నొక్కుతూ పోతే కావాల్సిన నంబరు వస్తుంది. ముప్పై ఐదు దాకా. లైటు ఆరిపోగానే గోడ క్యాలెండరు మీద ఆ తేదీ గడిలో నంబరు రాసేవాళ్లం. ట్యాంకు బలం పెంచే, సంపాదించుకున్న నక్షత్రాలు పోతాయి, చోటు మాత్రం పోదు. ఆ క్యాలెండరు మీద పాల లెక్కలు రాసుకునే నాన్నగారు, ఆ అంకెలూ పాలవే అనుకుని ఒకసారి పాలవాడితో గొడవ పెట్టుకున్నారు.

సొంతంగా మైదానం కట్టుకునే వీలూ ఉంది. పదమూడు గళ్లకి పదమూడు గళ్లు. ఇటుక, ఇనుము, నీళ్లు, చెట్లు, మంచు. మా పని ఎప్పుడూ ఒకటే, కోనసీమ కట్టడం. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, మధ్యలో వైనతేయ, మిగతా అంతా చెట్లు, అంటే కొబ్బరితోటలు. అప్పటికి ఎదుర్లంక దగ్గర వంతెన లేదు, పంటు మీదే దాటేవాళ్లం. ఆటలోనూ వంతెన పెట్టేవాళ్లం కాదు. నీటి మీద ట్యాంకు పోలేదు, గుండు పోతుంది. శత్రువులు అవతలి ఒడ్డున తిరుగుతుంటే మేం ఇవతల కూర్చుని కొట్టేవాళ్లం. పావుగంట కట్టిన ఆ కోనసీమ మాత్రం కరెంటుతో పాటే పోయేది.

కొనాలనుకునేవాళ్లకి వాడకం సంగతి ఒకటి. మన ఉప్పుగాలికి క్యాసెట్ పళ్లు, అంటే పెట్టెలోకి దూరే లోహపు పట్టీలు, నల్లబడతాయి. ఆట రాకపోతే అందరం ఊదుతాం. పని చేసేది ఊదడం కాదు, తీసి మళ్లీ పెట్టడం. నోటి తడి తగిలితే చిలుము పెరుగుతుంది. పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడిబట్టతో తుడిచి పెట్టండి. నేను ఏడాదికోసారి, సంక్రాంతి బూజులు దులిపేటప్పుడు చేస్తాను. రిమోట్ బొత్తాల కింది నల్లరబ్బరు అరిగితే సిగరెట్ పెట్టెలోని వెండికాగితం ముక్క అంటించవచ్చు. నా రిమోట్‌లో బీ బొత్తానికి అదే ఉంది.

పోయిన కనుమ నాడు తమ్ముడూ నేనూ ఇరవై ఎనిమిదో స్టేజీలో ఉండగా వాడి బస్సు టైమైపోయింది. నంబరు క్యాలెండరు మీద రాసి వెళ్లాడు. క్యాలెండరు మారింది, ఆ కాగితం మాత్రం చింపి క్యాసెట్ డబ్బాలో పెట్టాను.