వారం మెనూ, ఒకేరోజు వంట, సగం ప్లాన్: వంటలో చేయి తిరగాలంటే ఏది మేలు?

వంట ముందే ప్లాన్ చేసుకుంటే ఎంత టైమ్ మిగులుతుంది, ఎంత ఖర్చు తగ్గుతుంది అని అందరూ లెక్కలు వేస్తారు. అవి అవసరమే, కాదనను. కానీ వంట బాగా నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందు చూసుకోవాల్సింది వేరే ఉంది: ఏ పద్ధతిలో వండితే చేయి తిరుగుతుంది? అలా చూస్తే, టైమ్ బాగా మిగిల్చే పద్ధతే నేర్పడంలో అన్నిటికంటే వెనకబడి ఉంటుంది.

ముందు వారం మెనూ సంగతి. ఏడు రోజులకీ పూటపూటకీ రాసిపెట్టుకుంటే 'ఇవాళ ఏం వండాలి' అనే టెన్షన్ పోతుంది, సరుకుల చీటీ దానంతటదే తయారవుతుంది. ముందురోజు రాత్రి నానబెట్టాల్సినవి గుర్తుంటాయి. ఈ చివరిది చిన్న విషయమేమీ కాదు. రాజ్మా గింజల్లో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఓ 30 నిమిషాలు తెర్లనిస్తేనే అది పోతుంది. ఆకలేసినప్పుడు అప్పటికప్పుడు మొదలుపెట్టే వంట కాదది.

అయితే ఉత్సాహం కొద్దీ చాలామంది ఏడు రోజులకీ ఏడు కొత్త వంటలు రాసుకుంటారు. అన్నీ మొదటిసారి వండేవే కాబట్టి కళ్లు రెసిపీ మీదే ఉంటాయి, పొయ్యి మీదికి పోవు. పైగా అనుకోకుండా ఒక పూట తప్పితే మెనూ అంతా వెనక్కి జరుగుతుంది, ఆ లోపు ఆకుకూర వాడిపోతుంది.

ఆదివారమే వారానికంతా వండిపెట్టుకోవడం రెండో పద్ధతి. చంటిపిల్లల ఇళ్లకూ, రాత్రి డ్యూటీలవాళ్లకూ ఇది నిజంగా ఆసరా, వాళ్లను వద్దనను. కానీ వండిన పదార్థాలు 4 డిగ్రీల సెల్సియస్, లేదా అంతకంటే తక్కువ చల్లదనం ఉన్న ఫ్రిజ్‌లోనైనా 3, 4 రోజులకు మించి ఉంచకూడదు. అంటే ఆదివారం వంట బుధ, గురువారాల దాకానే. ఆ తర్వాతి రోజులవి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లోకి వెళ్లాల్సిందే. అన్నంతో ఇంకా జాగ్రత్త కావాలి. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, అన్నం గోరువెచ్చగా పడి ఉంటే మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అందుకే వండగానే లోతు తక్కువ డబ్బాల్లోకి పలచగా సర్ది, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి.

నేర్చుకోవడం దగ్గరికొస్తే ఈ పద్ధతి ఇంకా బలహీనం. వారానికి ఒక్కసారే పొయ్యి దగ్గర నిలబడతాం. అదీ పెద్ద గిన్నెలతో, హడావిడిగా. పాన్ నిండా కూరగాయ ముక్కలు పోస్తే వాటి నీరు ఆవిరై పోయే దారి లేక అవి వేగవు, ఉడుకుతాయి.

ఇక ఏ ప్లానూ లేకుండా ఫ్రిజ్ తెరిచి ఉన్నదానితో వండేయడం. చేయి తిరిగినవాళ్లకు ఇది హాయి. కొత్తవాళ్లకు మాత్రం రోజూ వచ్చిన రెండు వంటల చుట్టూనే తిరగడం అవుతుంది.

నా ఓటు సగం ప్లాన్‌కే. వారంలో నాలుగు రాత్రులకే వంట ఖాయం చేసుకోండి. అందులో రెండు వంటలు నెలంతా మారకూడదు, ప్రతి వారం అవే రావాలి. మిగతా రెండు మీ ఇష్టం. మిగిలిన రాత్రులు ఖాళీగా వదిలేస్తే మిగిలిపోయినవి అప్పుడు చెల్లిపోతాయి. కొన్నవాటిలో ఆకుకూరలు ముందు, క్యాబేజీ, క్యారెట్ వారం చివరికి. ఈ వరస ఒక్కటి పాటిస్తే పారేసేది బాగా తగ్గుతుంది.

వండిందే మళ్లీ వండితే ఏం వస్తుందో ఉల్లిపాయలు వేగేటప్పుడు చూడండి. ముక్కలు నూనెలో పడగానే చుర్రుమని గట్టిగా చప్పుడు వస్తుంది, అది వాటిలోని నీరు ఆవిరయ్యే చప్పుడు. ఆ నీరున్నంతసేపు ముక్కల వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, రంగు తిరగదు. నీరు తగ్గేకొద్దీ చప్పుడు సన్నబడుతుంది, అంచులు ముందు బంగారు రంగుకి వస్తాయి. అక్కడి నుంచి ఒక్క నిమిషం అటూఇటూ అయినా రుచి మారిపోతుంది. రెసిపీలో 'ఐదు నిమిషాలు వేయించండి' అని రాసి ఉండవచ్చు, సన్నని మంట మీద ముదురు గోధుమ రంగు రావాలంటే అరగంట పైనే పడుతుంది. ఈ వారం ఉప్పు ముక్కలతోపాటే వేయండి, వచ్చే వారం రంగు వచ్చాక వేయండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, అప్పుడే ఏ మార్పు వల్ల ఏమైందో నాలుకకు తెలుస్తుంది. రెండు వారాలు వరసగా అదే వంట వండకపోతే పోల్చడానికి ఏముంటుంది?

తిన్నాక ఒక్క వాక్యం రాసిపెట్టుకోండి చాలు: 'నీళ్లు ఎక్కువయ్యాయి', 'మంట ముందే తగ్గించాల్సింది', 'పులుపు చాల్లేదు'. వచ్చే వారం వంట మొదలుపెట్టే ముందు అది చదువుకోండి. రుచి చూసి సరిదిద్దడం అలా అలవాటవుతుంది.

మొదటి నెలకి ఆ రెండు వంటలు ఏవంటే, ఒకటి ఉల్లిపాయ బాగా వేయించాల్సింది, రెండోది గింజలు నానబెట్టి ఉడికించేది. మొదటిదాంట్లో మంట సంగతి తెలుస్తుంది, రెండోదాంట్లో నీళ్ల కొలత, ఉప్పు పాళ్లు తెలుస్తాయి. గింజలు కాస్త ఎక్కువే ఉడకబెట్టి ఉంచుకుంటే ఖాళీగా వదిలిన రాత్రుల్లో ఒకటి గడిచిపోతుంది, మూడు రోజుల్లోపు వాడేస్తే సరి.