సూర్యలంకలో రెండు రోజులు: ఐసు ముక్కలకు 80 రూపాయలు

మే మూడో వారంలో గుంటూరు ఎండ భరించలేక, సముద్రం పక్కన రెండు రోజులు గడిపి వద్దామని సూర్యలంక బయలుదేరాం. మావారు, నేను, పద్నాలుగేళ్ళ బాబు, తొమ్మిదేళ్ళ పాప, అరవై ఎనిమిదేళ్ళ అత్తయ్య. బాపట్ల దాకా ప్రయాణం హాయిగా సాగింది. అక్కడి నుంచి తీరం తొమ్మిది కిలోమీటర్లే.

తీరానికి దగ్గరలో ఒక ప్రైవేటు విడిదిలో ఏసీ గది తీసుకున్నాం. రోజుకు 4,200 రూపాయలు, రెండు రోజుల డబ్బూ ముందే కట్టించుకున్నారు. పన్నెండింటికల్లా గది ఇస్తామని ఫోనులో చెప్పినవారు, మేము చేరాక రెండు దాటుతుందన్నారు. కూర్చోమని చూపించిన చోటు రేకుల షెడ్డు. పైన రేకులు సెగలు కక్కుతుంటే, నడివేసవి మధ్యాహ్నం రెండు గంటలు పెద్దావిడను అక్కడ కూర్చోబెట్టాం. తాగే నీళ్ళు అడిగితే సీసా కొనుక్కోమన్నారు. 20 రూపాయల సీసా అక్కడ 40.

మా ఊళ్ళో ఆ రోజు 43 డిగ్రీలు, అక్కడ 37. ఫోనులో ఆ అంకె చూసి మావారు తెగ సంతోషించారు. నేనూ నమ్మాను. కానీ చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. గాలి నిండా తేమ ఉన్నప్పుడు చెమట కారుతుందే తప్ప ఆరదు, వేడి ఒంట్లోనే ఉండిపోతుంది. వాతావరణ శాఖ వడగాలులను ప్రకటించడానికి మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు ఉండాలని చూస్తుంది. తీరప్రాంతంలో మాత్రం ఎండ మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగితే 37 దగ్గరే ప్రకటిస్తుంది. ఈ తేడా బయలుదేరే ముందు తెలిసి ఉంటే అత్తయ్యను ఆ షెడ్డులో ఒక్క క్షణం కూడా ఉంచేదాన్ని కాదు.

గదిలోకి వెళ్ళిన ఇరవై నిమిషాలకే కరెంటు పోయింది. జనరేటరు వేశారు, కానీ దాని మీద ఫ్యాను, లైటు మాత్రమే నడుస్తాయట. కిందికి వెళ్ళి చూస్తే మేనేజరు కూర్చున్న గదిలో ఏసీ చల్లగా తిరుగుతోంది! అడిగితే, "గదులకు జనరేటరు మీద ఏసీ ఇస్తామని మేము చెప్పలేదు కదా" అన్నాడు, ఫోను నుంచి తల కూడా ఎత్తకుండా.

మూడున్నరకు అత్తయ్య తల తిరుగుతోందన్నారు. వాంతి అయింది, పిక్కలు పట్టేశాయి, ఒళ్ళంతా చల్లని చెమట. ఆమె వేసుకునే రక్తపోటు మాత్రల్లో ఒకటి మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది. అలాంటివి వాడేవారికి ఎండలో ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది. పడుకోబెట్టి, కాళ్ళ కింద దిండ్లు పెట్టి, తడి తువ్వాళ్ళతో ఒళ్ళు తుడిచాం. సంచిలో ఉన్న ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీళ్ళలో కలిపి గుక్కగుక్కగా పట్టించాను. ఐసు కోసం పాప కిందికి పరుగెత్తితే ఒక గిన్నెడు ముక్కలు ఇచ్చారు. మరునాడు బిల్లులో "ఐసు: 80" అని కనిపించింది. నా కోపం ఇప్పటికీ ఆ పద్దు దగ్గరే ఆగి ఉంది.

ఆ సమయంలో మనిషిలా ప్రవర్తించింది అక్కడ గదులు ఊడ్చే ఒక అమ్మాయి మాత్రమే. తన కుండలోని నీళ్ళు, ఒక తాటాకు విసనకర్ర తెచ్చి, పక్కన కూర్చుని అరగంట విసిరింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఐదింటికి అత్తయ్య లేచి మజ్జిగ అడిగారు. ఒకవేళ మాటలు తడబడినా, మనుషులను గుర్తుపట్టలేకపోయినా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. అప్పుడు నోట్లో ఏమీ పోయకుండా, ఒళ్ళు తడుపుతూనే 108కి ఫోను చేయాలి. ఆ నంబరు నొక్కడానికి సిద్ధంగా పెట్టుకుని గంటన్నర ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాను.

మరునాటి ఉదయం మాత్రం ఎన్నటికీ మరచిపోలేను. ఐదున్నరకే ఒడ్డుకు వెళ్ళాం. సూర్యుడు నీళ్ళలోంచి లేస్తున్నాడు, ఇసుక చల్లగా ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కనుక మరపడవలన్నీ ఒడ్డున ఉన్నాయి, మత్స్యకారులు వలలు బాగుచేసుకుంటున్నారు. మా బాబు అలలు లేని చోటు చూసుకుని నీళ్ళలోకి దిగబోయాడు. వల కుడుతున్న ఒక పెద్దాయన లేచి వచ్చి చేయి పట్టుకుని ఆపారు.

"అక్కడ అల విరగడం లేదు, చూశావా బాబూ? నీళ్ళు లోపలికి పోయే దారి అది. నువ్వూ దానితోనే పోతావు."

చుట్టూ నురగ, మధ్యలో నల్లగా, నునుపుగా ఒక పాయ. నాకు అదే అన్నిటికన్నా భద్రమైన చోటులా కనిపించింది! ఒకవేళ అది లాగితే ఒడ్డు వైపు ఎదురీది అలసిపోకూడదని, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ పాయ దాటాక వెనక్కు రావాలని ఆయన చేతులతో చూపించారు. పిల్లలు మోకాళ్ళ లోతు దాటకుండా ఎనిమిదింటి వరకు ఆడుకున్నారు. బాబు అంత బుద్ధిగా ఎవరి మాటా విన్నది నేను చూడలేదు. డజను ముంజలు 100 రూపాయలకు కొన్నాం. అత్తయ్య నాలుగు తిన్నారు.

ముందు రాత్రి విడిది భోజనశాలలో "ఈ ఉదయం మరపడవ మీద పట్టిన వంజరం" అంటూ ప్లేటుకు 380 తీసుకున్నారని చెబితే పెద్దాయన పడవల వైపు చూపించి, "ఏ పడవమ్మా?" అన్నారు.

పది గంటలకే గది ఖాళీ చేశాం. రెండో రోజు డబ్బు వెనక్కు ఇవ్వలేదు. బాపట్లలో 1,600 రూపాయలకు ఒక మామూలు లాడ్జీ దొరికింది. కరెంటు పోయినా అక్కడ ఏసీ ఆగలేదు. సాయంత్రం భావనారాయణ స్వామి గుడికి వెళ్ళాం. మధ్యాహ్నం వెళ్ళకండి, రాతి నేల మీద కాలు పెట్టలేరు.

సూర్యలంక వెళ్ళవద్దని అనను. ఉదయం ఎనిమిది వరకు, మళ్ళీ సాయంత్రం ఐదు తర్వాతే ఒడ్డున ఉండండి. పెద్దవాళ్ళు, మందులు వాడేవారు ఉంటే డాక్టరును అడిగి బయలుదేరండి. మనిషికి రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఒక థర్మామీటరు సంచిలో వేసుకోండి. డబ్బు కట్టే ముందు జనరేటరు మీద గదిలో ఏసీ నడుస్తుందా అని అడిగి, జవాబు ఫోనులో రాతపూర్వకంగా తెప్పించుకోండి. నేను అడగలేదు. బిల్లు ఫోటో పెట్టి వినియోగదారుల సహాయ కేంద్రానికి, 1915 నంబరులో, ఫిర్యాదు చేశాను. ఐసు 80, నీళ్ళ సీసాలపై అదనంగా తీసుకున్నది 120, వాడుకోని రోజు అద్దె 4,200, అన్నీ విడివిడిగా రాసి ఇచ్చాను.